సర్కారుపై డిక్రీ

1977వ సంవత్సరము మే నెల 5వ తేది రాత్రి గడచినది. 6వ తేది ఇంకను తెల్లవారలేదు. అప్పటి కర్నూలు జిల్లాలోని కోయిలకుంట్ల సబ్‌జైలులో, ఏడవ నంబరు గదిలో, ఒక తండ్రి, ఆయన కుమారుడు ఉండిరి. వారు శిక్షపడిన ఖైదీలు కారు. అవుకు పోలీసుస్టేషనులో నమోదైన యొక కేసులో ఏప్రిల్ నెలాఖరున అరెస్టయి, మేజిస్ట్రేటు ఉత్తరువుపై రిమాండులో ఉన్నవారు. తెల్లవారుజామున మూడున్నర గంటల ప్రాంతమున కొందరు దుండగులు జైలు ఆవరణలోనికి చొరబడి ఆ గదిలోనికి బాంబులు విసరిరి. తండ్రి తీవ్రముగా గాయపడి, కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో మరణించెను. కుమారుడు గాయములతో బయటపడెను.

బయటనున్న మనిషిని బయటివారు చంపిన, అది హంతకులకును పోలీసులకును సంబంధించిన విషయము. కాని ఇచట చనిపోయినవాడు సర్కారువారి తాళము వెనుక ఉన్నవాడు. పారిపోవుటకు వీలులేదు, ఎదిరించుటకు చేతిలో కర్రయైనను లేదు. తమకు ప్రాణభయ మున్నదని ముందుగనే చెప్పుకొన్నను పహరా సరిగా లేదు. కుటుంబమువారు రాష్ట్రప్రభుత్వముపై పదిలక్షల రూపాయలకు దావా వేసిరి. ఆ దావా సుప్రీంకోర్టులో తేలునప్పటికి 2000వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేది వచ్చినది. ఆ రాత్రికిని ఈ తీర్పునకును నడుమ ఇరువదిమూడు సంవత్సరములు గడచినవి.

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల వారికి కోయిలకుంట్ల పరాయి ఊరు కాదు. నల్లమల కొండలకు ఆవలి ప్రక్కన నున్నదే గాని, రెండు ప్రాంతముల పాలనచరిత్ర చిరకాలము ఒకే త్రాటిపై నడచినది. 1800లో నిజాము కుంఫిణీవారికి దత్తమండలములను వదలుకొన్నపుడు కంబము, దూపాడు, కోయిలకుంట్ల సీమలన్నియు థామస్ మన్రో చేతిక్రిందికి వచ్చినవి. తరువాత కడప జిల్లాలో నుండి, 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినపుడు మూడును కలసియే అందులో చేరినవి. 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టుకొన్న క్రొత్త జిల్లా 1970 ఫిబ్రవరి 2వ తేదిన ఒంగోలు రాజధానిగా పుట్టువరకు, కలెక్టరుతో పనిపడిన గిద్దలూరు రైతు కొండదాటి కర్నూలుకు పోవలసినవాడే. కావున ఆ జైలుగది కథను మన ప్రక్కయింటి కథగనే చెప్పుకొనవచ్చును.

ఓడినవాడు కోర్టులో ఏడ్చిన, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెనని మనవారు చెప్పుకొందురు. ఎదుటివాడు ప్రభుత్వమే అయినపుడు ఈ మాట మరింత నిజమగును. ప్రభుత్వముపై గెలుచుట ఒక పని. గెలిచిన సొమ్మును రాబట్టుకొనుట వేరొక పని. మొదటిదాని చరిత్ర తెలియనిదే రెండవది బోధపడదు గనుక, కొంచెము వెనుకకు పోవుదము.

పూర్వము రాజుపై దావా యనునది లేదు. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయములో ఒక చిత్రమైన మాట కలదు. సామాన్యునికి ఒక కార్షాపణము జుల్మానా వేయదగిన తప్పును రాజే చేసినచో, వేయి కార్షాపణములు వేయవలెనట. వినుటకు గొప్పగనే యున్నది. కాని ఆ వేయి ఎవరు వసూలు చేయవలెను? వ్యాఖ్యాతలు చెప్పినది యేమనగా, రాజు తన జుల్మానాను తానే నీటిలో విడువవలెను, లేదా బ్రాహ్మణులకు దానమీయవలెను. నష్టపోయినవాని చేతికి అందులో ఒక్క కాసైనను వచ్చునని నాకెచటను కనబడలేదు.

కుంఫిణీవారి కాలములో కోర్టులు వచ్చినవి. వారు వర్తకులుగా వచ్చినవారు గనుక వర్తకులవలెనే దావాలకు జవాబు చెప్పుకొనవలసి యుండెను. కాని రాజ్యముల నాక్రమించునపుడు వారు వర్తకులు కారు. 1839లో కర్నూలు నవాబును తొలగించి ఆయన రాజ్యమును కలుపుకొన్నపుడు వారి నడిగిన కోర్టు లేదు. 1855లో తంజావూరు రాజు మగసంతానము లేక మరణింపగా, రాజ్యముతోపాటు ఆయన సొంత ఆస్తిని కూడ కుంఫిణీవారు స్వాధీనపరచుకొనిరి. రాణి కామాక్షీబాయి మద్రాసు సుప్రీంకోర్టులో దావా వేసి గెలిచెను. కుంఫిణీవారు లండనులోని ప్రీవీ కౌన్సిలుకు అప్పీలు చేసికొనిరి. రాజ్యాధికారముతో చేసిన చేష్టను ఏ కోర్టును విచారింపజాలదని 1859లో ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసెను. కొన్ని సంవత్సరముల తరువాత ప్రభుత్వము ఆ సొంత ఆస్తిని రాణులకు తిరిగి యిచ్చినమాట నిజమే. కాని అది దయగా ఇచ్చినది. హక్కుగా వచ్చినది కాదు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన. తరువాతి నూటయేబది సంవత్సరముల కథయంతయు ఈ భేదము చుట్టునే తిరిగినది.

ఇటువంటి కథ ఇంగ్లండులో అంతకుముందే నడచినది. 1672లో రెండవ చార్లెసు రాజు తన ఖజానా నుండి చెల్లింపులను ఆపివేసెను. ఆయనకు అప్పిచ్చిన లండను వడ్డీవ్యాపారులు దివాలా తీసిరి. వారును వారి వారసులును కోర్టుల చుట్టు తిరిగి తిరిగి 1700లో ప్రభువుల సభలో గెలిచిరి. గెలిచిన తరువాత నేమి జరిగినది? పార్లమెంటు కూర్చుండి లెక్క తేల్చినది. నూటికి మూడు వంతున వడ్డీ. అసలులో సగము చెల్లించినచో ఋణము తీరినట్లు. తీర్పు పూర్తిగా వచ్చినది, సొమ్ము సగము వచ్చినది.

మన దేశమున 1858లో కుంఫిణీ పాలన పోయి రాణీగారి పాలన వచ్చినపుడు, ఆ సంవత్సరపు చట్టము 65వ సెక్షనులో ఒక చిన్న నిబంధన చేసిరి. కుంఫిణీపై ఏయే దావాలు చెల్లునో, ఆ దావాలన్నియు ఇకమీదట సెక్రటరీ ఆఫ్ స్టేటుపై చెల్లును. ఆ మాటయే 1935 చట్టపు 176వ సెక్షనులోనికి, అచటనుండి మన రాజ్యాంగపు 300వ అధికరణములోనికి నడచి వచ్చినది. నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముపై దావా వేయు రైతు, తాను తెలియకయే, కుంఫిణీవారి వర్తకపు జవాబుదారీని ఆధారము చేసికొనుచున్నాడు.

ఆ జవాబుదారీకి హద్దు ఎచట అనునది 1861లో కలకత్తాలో తేలినది. కిదిర్‌పూరు ఓడలరేవులో ప్రభుత్వ పనివాండ్రు ఇనుపముక్కను మోసికొనిపోవుచు, గుర్రపుబండి రాగా దానిని జారవిడిచిరి. ఆ చప్పుడునకు గుర్రము బెదరి గాయపడినది. నష్టము 350 రూపాయలు. ఆవిరియోడల కంపెనీ వేసిన ఆ దావాలో ప్రధానన్యాయమూర్తి సర్ బార్న్స్ పీకాక్ కంపెనీ పక్షముననే తీర్పు చెప్పిరి. కాని చెప్పుచు, సామాన్యుడెవడైనను చేయగల పనులు వేరు, సార్వభౌమాధికారముతో మాత్రమే చేయగల పనులు వేరు అని యొక గీత గీసిరి. మొదటివానికి సర్కారు జవాబు చెప్పవలెను, రెండవవానికి చెప్పనక్కరలేదు. 1882లో మద్రాసు హైకోర్టు, ఉప్పుపన్నునకు సంబంధించిన హరిభంజీ కేసులో, ఆ రెండవ తరగతిని మిక్కిలి ఇరుకు చేయజూచినది. అయినను కలకత్తా గీత చెరిగిపోలేదు.

స్వతంత్రము వచ్చిన తరువాత ఆ గీత ఎంత అన్యాయము చేసినదో రెండు కేసులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తెలియును. రాజస్థానములో ఉదయపూరు కలెక్టరుగారి జీపును మరమ్మతు చేయించి తెచ్చుచున్న డ్రైవరు దారినపోవు నొకనిని గుద్ది చంపెను. 1962లో సుప్రీంకోర్టు రాష్ట్రమే పరిహారము చెల్లించవలెనన్నది. ఇక మీరట్టులో 1947లో పోలీసులు ఒక వర్తకుని పట్టుకొని, ఆయన వద్దనున్న వంద తులములకు పైబడిన బంగారమును స్వాధీనపరచుకొనిరి. హెడ్‌కానిస్టేబులు ఆ బంగారముతో పాకిస్తానుకు పారిపోయెను. వర్తకునిపై నేరమేదియు నిలువలేదు. అయినను, అరెస్టు చేయుట, సొత్తు పట్టుకొనుట సార్వభౌమకృత్యములు గనుక రాష్ట్రము జవాబుదారీ కాదని కస్తూరీలాల్ కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పు చెప్పినది. జీపుక్రింద పడినవానికి సొమ్ము వచ్చినది. పోలీసుచేతిలో సొత్తు పోగొట్టుకొన్నవానికి రాలేదు. ఈ స్థితి బాగులేదని, శాసనసభలు చట్టము చేయవలెనని న్యాయమూర్తులే వ్రాసిరి. లా కమిషను తన మొట్టమొదటి నివేదికలోనే, 1956లో, ఇదే చెప్పియుండెను. 1967లో లోక్‌సభకు ఒక బిల్లు వచ్చినది గాని అది చట్టము కాలేదు.

చట్టసభ చేయని పనిని ఆంధ్రదేశపు కేసులు రెండు చాలవరకు చేసినవి. మొదటిది యొక ఎరువుల, ధాన్యపు వర్తకునిది. 1975 ఆగస్టులో విజిలెన్సు అధికారులు ఆయన దుకాణములోని సరకును పట్టుకొనిరి. తుదకు సరకును తిరిగి యిచ్చివేయుడని ఉత్తరువైనది. ఈలోగా దాని గతి చూచినవారు లేరు. ఎరువు కరగి, ధాన్యము చెడినది. క్రింది కోర్టు ఆయనకు డిక్రీ యిచ్చినది. హైకోర్టు కస్తూరీలాల్ తీర్పును చూపి కొట్టివేసినది. 1994లో సుప్రీంకోర్టు, జస్టిస్ ఆర్.ఎం. సహాయ్ వ్రాసిన తీర్పులో, ఆ డిక్రీని మరల నిలబెట్టినది. నాగరిక రాజ్యములో అధికారుల అజాగ్రత్తకు సార్వభౌమత్వము డాలుగా అడ్డు రాజాలదని ఆ తీర్పు సారాంశము.

రెండవది మన కోయిలకుంట్ల కేసు. క్రింది కోర్టు సర్కారువారి అజాగ్రత్తను గుర్తించియు, దావాకు కాలదోషము పట్టినదని కొట్టివేసెను. హైకోర్టులో జస్టిస్ బి.పి. జీవనరెడ్డిగారు దానిని తారుమారు చేసిరి. 1989 నాటి న్యాయనివేదికలలో ప్రచురితమైన ఆ తీర్పు, రాజ్యాంగపు 21వ అధికరణము హామీయిచ్చిన ప్రాణమునకు హాని కలిగినపుడు, జైలునిర్వహణ సార్వభౌమకృత్యమనెడి వాదము పనికిరాదన్నది. ఖైదీ యైనంతమాత్రమున మనిషి మనిషి కాకపోడు. పదిలక్షలడిగినవారికి 1 లక్ష 44 వేల రూపాయలు, దావా తేది నుండి నూటికి ఆరు వంతున వడ్డీతో డిక్రీ అయినది. రాష్ట్రప్రభుత్వము అప్పీలు చేసికొనగా, 2000లో సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము వర్సెస్ చల్లా రామకృష్ణారెడ్డి అను పేర ప్రసిద్ధమైన తీర్పులో, హైకోర్టు మాటనే ఖాయపరచెను.

ఇంతవరకు హక్కు సంగతి. ఇక సొమ్ము సంగతి.

1872లోనే ప్రీవీ కౌన్సిలు, దర్భంగా సంస్థానమునకు సంబంధించిన యొక కేసులో, భారతదేశములో కక్షిదారుని కష్టములు డిక్రీ చేతికి వచ్చిన తరువాతనే మొదలగునన్న అర్థము వచ్చునట్లు వ్రాసినది. నేటికిని ఈ మాటను ఉదహరింపని న్యాయమూర్తి అరుదు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తెప్పించుకొన్న లెక్కలో, దేశమంతటను క్రింది కోర్టులలో పెండింగుననున్న అమలు దరఖాస్తులు 8 లక్షల 82 వేలకు పైబడినవి. కోర్టు ఆవరణలలో ఈ దరఖాస్తునే ఇ.పి. యందురు. అమలు దరఖాస్తును ఆరు నెలలలో తేల్చవలెనని 2021లోనే ఆ కోర్టు ఆదేశించియుండెను.

మామూలు ఋణస్థునిపై డిక్రీ వచ్చిన మరునాడే ఇ.పి. వేయవచ్చును. ప్రభుత్వముపై అట్లు వీలులేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 82వ సెక్షను ఇందుకు ప్రత్యేకమైన పద్ధతి పెట్టినది. దొరల కాలములో అది మరింత మర్యాదగా నుండెడిది. డిక్రీలో గడువు వ్రాయవలెను. గడువులో చెల్లింపనిచో న్యాయాధిపతి రాష్ట్రప్రభుత్వమునకు నివేదించి ఉత్తరువునకై వేచియుండవలెను. ఆ నివేదిక తేదినుండి మూడు నెలలు గడచినను చెల్లింపు జరగనపుడే అమలునకు పూనుకొనవలెను. అనగా ఓడినవాని సెలవు అడిగి వసూలు చేయుట! 1976 సవరణతో ఈ నివేదిక తంతు పోయినది. డిక్రీ తేదినుండి మూడు నెలలు చెల్లింపక ఊరకున్నచో ఇ.పి. వేయవచ్చును. దావాకు ముందు 80వ సెక్షను నోటీసునకు రెండు నెలలు, డిక్రీ తరువాత ఈ మూడు నెలలు - సర్కారునకు చట్టమిచ్చిన ప్రత్యేక గౌరవము ముఖ్యముగా ఇంతే. అప్పీలులో స్టే కోరునపుడు మామూలు కక్షిదారువలె జామీను చూపనక్కరలేదన్న 27వ ఆర్డరు 8-ఏ రూలు మరియొకటి.

ఈ విషయములో మనము ఇంగ్లండుకంటె ఒక అడుగు ముందే ఉన్నాము. అచట 1947 చట్టము రాజుపై దావాలకు తలుపులు తెరచినది గాని, ప్రభుత్వపు ఆస్తిని జప్తు చేయుటకు ఒప్పుకొనలేదు. కోర్టు యొక ధ్రువపత్రమిచ్చును. ప్రభుత్వశాఖ దానిని చూచి చెల్లించవలెను. అంతే. మన కోడులో మూడు నెలలు దాటిన తరువాత కోర్టు అమీను జప్తు వారంటు పట్టుకొని కలెక్టరు కచేరీకి పోవచ్చును. కుర్చీలు, బల్లలు, కంప్యూటర్లు, ఆఫీసు వాహనము - ఇవి జప్తు జాబితాలోనికి ఎక్కుట మన జిల్లాలలో పత్రికలు చదువువారికి క్రొత్త వార్త కాదు.

పశ్చిమ ప్రకాశములో ఇటువంటి డిక్రీలు ఎక్కువగా ఎచటనుండి పుట్టునో చెప్పుట కష్టము కాదు. భూసేకరణనుండి. వర్షము తక్కువ, రాళ్లనేల, చెరువులపై ఆశ. ఇట్టి సీమలో కాలువ గాని, రైలుమార్గము గాని, జలాశయము గాని రావలెనన్న ముందు ఎవరి నేలయో పోవలెను. పూల సుబ్బయ్యగారి పేర వెలసిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినది. కృష్ణాజలమును నల్లమలను తొలిచిన రెండు సొరంగములగుండ, ఒక్కొక్కటి పదునెనిమిది కిలోమీటర్లకు మించిన పొడవున, తెచ్చుటకు సంకల్పము. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల నడుమ కట్టలు కట్టి నల్లమలసాగరము చేసిరి. దానికై పదునొకండు గ్రామములు మునకలో చేరినవి. నీరు రావలెనని కోరినవారును, ఇల్లు వదలవలసినవారును ఒకే తాలూకా వారు. పరిహారపు లెక్కయందు తకరారు వచ్చినచో సర్కారుతో నిలిచి వాదించవలసినవారు వీరే.

1894 భూసేకరణ చట్టము క్రింద పద్ధతి యిది. అధికారి అవార్డు వ్రాసి సొమ్ము నిర్ణయించును. అది చాలదనుకొన్న రైతు ఆ సొమ్మును అభ్యంతరముతోనే పుచ్చుకొని, అవార్డు సమయమున తాను హాజరై యున్నచో ఆరు వారములలో, 18వ సెక్షను క్రింద తన తకరారును సివిల్ కోర్టుకు పంపుమని వ్రాసి యీయవలెను. అభ్యంతరమను మాట వ్రాయక వ్రేలిముద్ర వేసినవాడు ఆ దారిని తానే మూసికొన్నవాడగును. కోర్టు విచారించి హెచ్చించిన మొత్తము డిక్రీతో సమానము. 1984 సవరణ దీనికి బలము చేకూర్చినది. మార్కెట్టు విలువపై సొలేషియము నూటికి పదునైదు నుండి ముప్పదికి పెరిగినది. అన్నిటికంటె ముఖ్యము వడ్డీ: స్వాధీనము చేసికొన్న తేదినుండి మొదటి సంవత్సరము నూటికి 9, ఆపైన నూటికి 15. 2014 జనవరి 1వ తేదినుండి క్రొత్త చట్టము వచ్చినను, పాతచట్టము క్రింద అవార్డులైన కేసులు దాని వెంబడియే నడచినవి.

ఈ వడ్డీని గూర్చి కొంత ఆగి ఆలోచింపవలసి యున్నది. కోర్టు ఒక రైతునకు లక్షరూపాయలు హెచ్చించినదనుకొందము. స్వాధీనమై పది సంవత్సరములు గడచినచో, మొదటి సంవత్సరమునకు 9 వేలు, మిగిలిన తొమ్మిదింటికి 1 లక్ష 35 వేలు, వెరసి 1 లక్ష 44 వేలు వడ్డీయే అగును. చిత్రముగా, కోయిలకుంట్లలో పోయిన ప్రాణమునకు హైకోర్టు కట్టిన వెల కూడ సరిగా ఇంతే. ఆ 1 లక్ష 44 వేలపై నూటికి ఆరు వంతున సంవత్సరమునకు 8,640 రూపాయలు మాత్రమే వడ్డీ. చెల్లింపు ఆలస్యము చేసినచో ఖజానాకు ఏ కేసులో నొప్పి తెలియునో చెప్పనక్కరలేదు. నేల కేసులో ఆలస్యము ఖజానాను తినును. ప్రాణము పోయిన కేసులో ఆలస్యము ఆ కుటుంబమును మాత్రమే తినును. చట్టము దీనిని ఉద్దేశించి చేసినదని నేను అనను. కాని ఫలితము ఇదియే.

నూటికి 15 వడ్డీ పెరుగుచున్నను సర్కారు ఎందుకు చెల్లింపదు? దుర్బుద్ధి యని తేలికగా అనివేయుట న్యాయము కాదు. డిక్రీలో ఋణస్థుని స్థానమున ఉండునది భూసేకరణాధికారి, సాధారణముగా రెవెన్యూ డివిజనల్ అధికారి. ఆయన కచేరీ మార్కాపురములో నుండవచ్చును; ఆయన చేతిలో సొమ్ముండదు. నేల కావలెనన్నది నీటిపారుదలశాఖ, లేదా రైల్వే, లేదా మరియొక సంస్థ. ఆ శాఖ సొమ్ము పంపవలెను. పంపుటకు బడ్జెటులో పద్దు కావలెను. పద్దున్నను ఆర్థికశాఖ విడుదల చేయవలెను. ఈలోగా అప్పీలు చేయవలెనా వద్దా అని ప్రభుత్వప్లీడరు అభిప్రాయమునకు ఫైలు తిరుగును. అధికారి బదిలీ యగును. అమీను వచ్చి కుర్చీ జప్తు చేసినపుడు, ఆ కుర్చీలో కూర్చున్నవాడు డిక్రీ సంగతి అప్పుడే వినుచున్నవాడై యుండుటయు కలదు.

ఇచట రాజ్యాంగములోని ఒక నిబంధనను జ్ఞాపకము చేయవలసియున్నది. సామాన్యముగా దీనిని ఎవరును చదువరు. 202వ అధికరణము మూడవ క్లాజు ప్రకారము, కోర్టు తీర్పునుగాని డిక్రీనిగాని అవార్డునుగాని చెల్లించుటకు కావలసిన మొత్తము రాష్ట్ర సంచితనిధిపై నేరుగా మోపబడిన వ్యయము. గవర్నరుగారి జీతము, హైకోర్టు న్యాయమూర్తుల జీతములు ఏ వరుసలో నున్నవో డిక్రీ సొమ్మును ఆ వరుసలోనే పెట్టిరి. దానిపై శాసనసభ చర్చింపవచ్చును. ఓటుతో తగ్గించుటకు వీలులేదు. రాజ్యాంగకర్తలు మంత్రులకుగాని శాసనసభ్యులకుగాని డిక్రీని కాదనెడి అధికారము ఉండరాదని కోరిరి. కాని ఓటు అక్కరలేకపోయినను విడుదల కావలెను గదా! ఆ చివరిమెట్టున రైతు ఫైలు ఆగును. 1672లో ఖజానా తలుపులు మూసిన చార్లెసు రాజునకు అధికారమున్నది. మన ఆర్థికశాఖకు ఆ అధికారము లేదు. అయినను తలుపు వద్ద నిలిచినవానికి ఆ భేదము తెలియుటకు చాలకాలము పట్టును.

అమీను జప్తు చేసిన కుర్చీలు వేలము వేయగా ఎంత వచ్చును? డిక్రీ వడ్డీలో నెలకు సరిపడునంతయు రాదు. వారంటు పని కుర్చీలనమ్ముట కాదు, ఫైలును కదపుట. జప్తు మాట జిల్లాకేంద్రమునకు పోవును, అచటనుండి రాజధానికి పోవును. ప్రభుత్వప్లీడరు కోర్టులో గడువడుగును. కొంత సొమ్ము కోర్టులో డిపాజిట్టగును. రైతు చెక్కు దరఖాస్తు వేసికొనును. అనుభవజ్ఞులైన ప్లీడర్లు జప్తు జాబితాలో బల్లలకన్న వాహనము పేరు ముందు వ్రాయింతురని వినికిడి. కచేరీ బల్ల లేకున్న అధికారి చాపమీద కూర్చుండగలడు. జీపు లేకున్న టూరు పోజాలడు.

మరియొక మార్గము హైకోర్టులో ధిక్కార దరఖాస్తు. ఇది సివిల్ కోర్టు డిక్రీకన్న హైకోర్టు రిట్టు ఉత్తరువులకు ఎక్కువగా ఉపయోగించును. దీనికి మన పొరుగు జిల్లాయైన నెల్లూరు ఇటీవల ఉదాహరణ చూపినది. కనిగిరి, పొదిలి సీమలు 1970కి పూర్వము ఆ జిల్లాలోనివే. అచట ఒక స్త్రీ భూమిని ప్రభుత్వము తీసికొని పరిహారమీయలేదు. మూడు నెలలలో చెల్లింపుడని 2017లో హైకోర్టు ఉత్తరువిచ్చినది. మూడు నెలలు సంవత్సరములైనవి. ఆమె ధిక్కార దరఖాస్తు వేసికొనెను. 2021లోగాని సొమ్ము చేతికి రాలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరులో జస్టిస్ బట్టు దేవానంద్, చెల్లింపు జరిగినను జాప్యము క్షమింపరానిదని, పలువురు ఐ.ఏ.ఎస్. అధికారులకు జైలుశిక్ష విధించిరి. అప్పీలు చేసికొనుటకు వీలుగా దాని అమలును నిలిపియుంచిరి.

ఆ తీర్పును గూర్చి అధికారవర్గములలో నొచ్చుకొన్నవారు లేకపోలేదు. ఫైలు ఆపినవాడొకడు, శిక్షపడినవాడొకడు కావచ్చునని వారి వాదము. అందులో కొంత నిజమున్నది. కాని మూడు నెలల గడువులో చెల్లించుట ఎవరి పనియో ప్రభుత్వమే తేల్చి చెప్పియుండినచో ఈ ప్రశ్న పుట్టదు. ఒక శాఖ మరియొక శాఖను చూపినంతకాలము కోర్టుకు ఎదుట కనబడినవానినే పట్టుకొనక తప్పదు.

డిక్రీకి ఆయుర్దాయము పండ్రెండు సంవత్సరములు. 1963 కాలపరిమితి చట్టము ఆ గడువు పెట్టినది, ఆలోగా ఇ.పి. వేయవలెను. వేసిన ఇ.పి. ఏ కారణముచేతనైన మూతపడినచో ఆ గడువులోపల మరల వేయవచ్చును. సర్టిఫై చేసిన నకలు, డిక్రీ తేది, అందిన సొమ్మునకు రసీదులు, వడ్డీ లెక్క - ఈ నాలుగును భద్రముగా నున్న రైతు సగము దారి నడచినవాడు. భూసేకరణ కేసులలో ఒకే అవార్డు క్రింద ఇరువది ముప్పదిమంది రైతులుందురు గనుక, వడ్డీలెక్క తప్పినచో అందరికిని తప్పును; కావున ఊరిలో చదువుకొన్న కుర్రవాడు ఒకడు ఆ లెక్క వేసి పెట్టుకొనుట మంచిది. ఇట్టి దస్త్రములను తిరగవేసినచో తరచుగా ఒక విషయము కనబడును. మొదటి పుటలో వ్రాసిన డిక్రీదారుని పేరునకు ఎదురుగా, కొన్ని సంవత్సరముల తరువాత వేరొక సిరాతో, మరణించినాడు అని వ్రాసియుండును. దానిక్రింద భార్య పేరు, ఇద్దరు ముగ్గురు కుమారుల పేర్లు, పెండ్లియై పొరుగూరికి పోయిన కుమార్తె పేరు వరుసగా నెక్కియుండును.